సూర్యకుమారి గారి లేజర్ గది

వచ్చే నెల సూర్యకుమారి గారు రిటైరవుతున్నారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిమ్మని మా పాత ల్యాబ్ వాళ్ళు అడిగారు. వాళ్ళకు కావలసింది ఇంగ్లీషులో అరపేజీ. రాసి పంపేశాను. తర్వాత చదువుకుంటే, అది ఎవరి గురించైనా కావచ్చు అనిపించింది. ఆవిడ మాత్రం అందులో ఎక్కడా లేరు. నా మీద నాకే ఒళ్ళు మండి ఇది మళ్ళీ మొదటినుంచీ రాస్తున్నాను.

నేను పీహెచ్‌డీ చేయడానికి వరంగల్ నుంచి సింగపూర్ వచ్చింది 2010లో. క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. మొదటిరోజు కొత్త చుడీదార్ వేసుకుని, రెండు చేతులా గాజులు వేసుకుని, పెళ్ళిచూపులకు తయారైనట్టు తయారై ల్యాబ్‌కు వెళ్ళాను. లేజర్ గది తలుపు తీశానో లేదో లోపల్నుంచి "స్టాప్ దేర్!" అని ఒక గొంతు. పొట్టిగా, లావుపాటి స్వెటర్ వేసుకుని, పచ్చరంగు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఒకావిడ నా చేతులవంక చూస్తూ "బ్యాంగిల్స్, అవుట్" అన్నారు.

"అయ్యో, గివి గూడనా?" అని గొణుక్కున్నాను.

"తెలుగమ్మాయివా? మరి చెప్పవేంటే! గాజులు, వాచీ, ఉంగరం అన్నీ తీసి బయట పెట్టి రా. లేజరు వాటి మీద పడిందంటే ఎగిరొచ్చి కంట్లో పడుద్ది. గాజులు పోతే మళ్ళీ కొనుక్కుంటాం. కళ్ళెక్కడ అమ్ముతారు?"

మా పరిచయం అలా తిట్లతోనే మొదలైంది. ఆవిడది సామర్లకోట. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివారు. భర్త వెంకటేశ్వరరావు గారు షిప్‌యార్డులో వెల్డింగులు తనిఖీ చేసేవారు. ఆయన వెంట 1996లో ఇక్కడికొచ్చి, బుకిట్ బటోక్‌లో కాపురం పెట్టి, కొన్నాళ్ళు హార్డ్ డిస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. తలనుంచి కాలిదాకా తెల్లటి సూటు తొడుక్కుని, మైక్రోస్కోపులో చూస్తూ, డిస్కు మీద రాసే హెడ్డును సన్నటి రేకుకు అతికించడం ఆవిడ పని. ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ అనేవారు. ఎనిమిది గంటలు ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు. తర్వాత ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోయింది. చేతి నేర్పు చూసి మా ప్రొఫెసర్ గోహ్ ఆవిడను ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పెట్టుకున్నారు.

"మీ అందరి పెళ్ళి ఫొటోలూ నేనతికించిన హెడ్లే రాశాయర్రా. గుర్తుంచుకోండి" అనేవారు, మేం పెద్ద చదువుల కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు.

ఇంతకీ మా పనేమిటో చెప్పాలి. హార్డ్ డిస్కు మీద కనిపించనంత చిన్న అయస్కాంతపు చుక్కలు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక్కో చుక్క తల పైకో కిందికో పెట్టుకుని ఉంటుంది. మనం దాచుకున్నదంతా ఆ తలల్లోనే ఉంటుంది. ఎక్కువ దాచాలంటే చుక్కలు ఇంకా చిన్నవి కావాలి. మరీ చిన్నవైతే గదిలో ఉండే మామూలు వేడికే తల తిప్పేసుకుని, దాచిందంతా మర్చిపోతాయి. మర్చిపోని మొండి పదార్థంతో చేస్తే, రాసే హెడ్డుకు అవి లొంగవు. అందుకని రాసే క్షణంలో చుక్కను లేజర్‌తో కాస్త వేడి చేస్తారు. ప్రొఫెసర్ గోహ్ ఈ సంగతి నాకు బోర్డు మీద రెండు గంటలు చెప్పారు. సూర్యకుమారి గారు టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఒక్క ముక్కలో తేల్చేశారు.

"బెల్లం పాకం గట్టిపడిపోయాక అచ్చు దిగదు కదా. కాస్త వెచ్చబెట్టి అచ్చు గుద్ది వదిలెయ్యడమే. చల్లారాక ఇంక అది చెరగదు."

మా ల్యాబ్ చేసేది దానికంటే ఒక మెట్టు పైన. మా లేజర్ వెలుగు ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ కోటి ముక్కలు చేసి, వాటిలో ఓ పది ఏరితే ఒక్కో దెబ్బ అంతసేపు ఉంటుంది. పక్క చుక్కకు వేడి తగిలేలోపే పని అయిపోవాలి. పైగా ఆ వెలుగును మెలితిప్పి పంపేవాళ్ళం, కుడి మెలి గానీ ఎడమ మెలి గానీ. కుడి మెలి తగిలితే చుక్క తల పైకి, ఎడమ మెలి తగిలితే కిందికి తిరగాలని ప్రొఫెసర్ గారి లెక్క. అది నిజమైతే వేడితోపాటు రాత కూడా సగం వెలుగే రాసేస్తుంది. ఆ మెలి తెచ్చేది రూపాయి బిళ్ళంత స్ఫటికం. దాన్ని పలక అనేవాళ్ళం. దాని అంచున సన్నటి గీత ఉంటుంది. ఒక రింగులో గీత పైకి ఉండేలా పలకను బిగించి, రింగును తిప్పుతూ మెలి మార్చుకుంటాం. బిగించడంలో గీత పైకి కాక పక్కకు వచ్చిందా, కుడి అనుకున్నది ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఈ కథకు ఇంత శాస్త్రం చాలు.

సూర్యకుమారి గారు పొద్దున ఏడింటికల్లా వచ్చేవారు. లేజర్ వేడెక్కడానికి రెండు గంటలు పడుతుంది. ఈలోపు బల్ల మీద ఉన్న ముప్ఫై రెండు అద్దాలనూ ఒక్కొక్కటే చూసుకునేవారు. వెలుగు చుక్క ఎక్కడ పడుతోందో చూడటానికి మేం తెల్ల కార్డులు వాడతాం. ఆవిడ మాత్రం ఊరినుంచి వచ్చిన శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి వాటి వెనకవైపు వాడేవారు. మందంగా ఉంటాయట, వంగవట. "ఇదుగో, మా పెద్దాడపడుచు కూతురి పెళ్ళి. ఇది బాగా పనికొచ్చింది" అనేవారు. పెళ్ళి గురించో కార్డు గురించో నాకు తెలిసేది కాదు.

సాయంత్రం ఆరోజు జరిగింది రాసేవారు. కంప్యూటర్లో ఇంగ్లీషు పట్టిక ఉండేది. అందులో ఒక్కో గడిలో "ఓకే" అనో "నాట్ ఓకే" అనో మాత్రమే పట్టేది. ఆవిడ అందులో ఓకే కొట్టి, అసలు సంగతి ఒక పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవారు. ఏ అద్దం ఎంత జరిగింది, వానపడ్డ రోజు గదిలో తేమ ఎంత, ఎవరు ఏ స్క్రూ తిప్పారు, అన్నీ. ఆ పుస్తకాలు ఎవరూ తెరిచి చూసేవాళ్ళం కాదు. ఆవిడకొక నియమం ఉండేది. "పరిశోధన మీది, అమరిక నాది. మీరు కావాలని మార్చుకున్నదాన్ని నేను ముట్టుకోను, ఎందుకని అడగను." పెద్దచదువులవాళ్ళంటే అంత గౌరవం. నాలాంటివాళ్ళకు ఆ గౌరవం నెత్తికెక్కడానికి ఎంతసేపు!

అయినా ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. బయట నిప్పులు చెరిగే ఎండ, గదిలో వణికించే చలి. మధ్యాహ్నం స్వెటర్లతోనే తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కు పోయి, మా ఇద్దరికీ వెజిటేరియన్ బీహూన్ అనే బియ్యపు సేమ్యా, ఆవిడకు చక్కెర తక్కువ కోపీ, అదే ఇక్కడి కాఫీ. నా మాటను ఆవిడ, ఆవిడ మాటను నేను వెక్కిరించుకోవడం. నేను "గట్లనే" అంటే ఆవిడ "ఆయ్, గట్లనేనండి" అనేవారు. ఆదివారాలు బుకిట్ బటోక్ ఇంట్లో గోంగూర పచ్చడి, వెంకటేశ్వరరావు గారి టీవీ మోత. అమ్మ ఫోన్లో ఏడిస్తే "ఆంటీ ఉన్నది లేమ్మా" అనేదాన్ని. నిజంగానే ఉండేవారు.

ప్రయోగం మాత్రం పదమూడు నెలలు పలకలేదు. చుక్కలు అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. 2012 దసరా నాటికి నాకు నిద్ర, తిండి రెండూ పోయాయి. ఏటా ఆయుధపూజకు ఆవిడ లేజర్‌కు బొట్టు పెట్టేవారు. ప్రొఫెసర్ గోహ్ రెండు షరతుల మీద ఒప్పుకునేవారు: పొగ రాకూడదు, పొడి రాలకూడదు. అందుకని అగరొత్తులు లేవు, కుంకుమ లేదు. లేజర్ పెట్టె బయటివైపు తడి గంధంతో ఒక్క చుక్క, ఒక అరటిపండు, దండం, అంతే. ఆ సాయంత్రం పూజ అయి ఆవిడ ఇంటికి వెళ్ళాక, నేను బ్యాగులోంచి అమ్మ పంపిన కుంకుమ పొట్లం తీశాను. నన్ను ఏడిపిస్తున్నది పెట్టె కాదు, పలక. దానికే పెట్టాలనిపించింది. రింగుకు బొట్టు పెట్టాను. రెండు రేణువులు పలక మీద పడ్డాయి. కంగారుగా పలక ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించి, ఏమీ ఎరగనట్టు గదికి పోయి పడుకున్నాను.

మర్నాడు ప్రయోగం పలికింది. ఆ వారమే, చుక్కలుండే అయస్కాంతపు పొర కొత్తది వచ్చింది, అదీ అసలు కారణం. నేను మాత్రం అమ్మవారే అనుకున్నాను. చుక్కలు తిరిగాయి, కానీ లెక్కకు విరుద్ధంగా తిరిగాయి. కుడి మెలికి తల కిందికి, ఎడమ మెలికి పైకి. ప్రొఫెసర్ గోహ్ "మెలి సరిచూశావా?" అని అడిగారు. "చూశాను సార్" అన్నాను. చూశాను, నిజమే, జూన్‌లో. ఆయన నాలుగైదు రోజులు తలపట్టుకుని కూర్చుని, ఇది మనకు తెలియని కొత్త సంగతేదో అని తేల్చారు. ఎన్నడూ నవ్వని మనిషి అందరికీ భోజనం పెట్టించారు. పేపర్ వచ్చింది, మొదటి పేరు నాది. ఒకరిద్దరు బయటిదేశాలవాళ్ళు మాకు అలా రాలేదన్నారు. మీ పొర వేరు, మా పొర వేరు అని జవాబిచ్చాం. ఆ పేపర్ మీదే నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సెంగ్‌కాంగ్‌లో ఇల్లు, డిస్కులు చేసే కంపెనీలో నా కింద ఏడుగురు. ప్రొఫెసర్ గోహ్ నాలుగేళ్ళ కిందట పోయారు. నేనూ ఆవిడను చూడటం ఏడాదికొక్కసారికి తగ్గించేశాను. పనులు, అనుకునేదాన్ని.

ఈ మార్చిలో దీక్షిత అనే అమ్మాయి మెసేజ్ పెట్టింది. మా పాత ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ ఆఖరి ఏడాది. ఇక్కడే పుట్టి పెరిగింది, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' అని తగిలిస్తుంది. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. క్లెమెంటి హాకర్ సెంటర్‌లో టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే ముందే పట్టిపెట్టుకుని, నాకోసం కూర్చుంది. నేను కూర్చోకముందే మొదలుపెట్టింది.

"నిఖిలా ఆంటీ, యువర్ పేపర్ ఈజ్ కిల్లింగ్ మీ లా."

ఆంటీ అన్నందుకే సగం చచ్చాను. మిగతా సగం ఆ తర్వాత విన్నదానికి. కొత్త లేజర్, కొత్త పలక, అదే రకం పొర. ఆ అమ్మాయికి కుడి మెలికి తల పైకి వస్తోంది, అంటే నా పేపర్‌కు విరుద్ధంగా. గైడ్ డాక్టర్ లియాంగ్ ఏప్రిల్ నెలాఖరు దాకా గడువిచ్చారు. పాత ఫలితం రప్పించలేకపోతే, నీ అమరికే తప్పు, ఆ అధ్యాయం తీసేయాలన్నారు. అది పోతే మిగిలేదాంతో పీహెచ్‌డీ రాదు, మాస్టర్స్ పట్టుకుని వెళ్ళిపోవాలి.

"నీ సెటప్‌లనే ఏదో తేడా ఉంటది. మెలి సరిచూసినవా?" అన్నాను.

"ఫోర్ టైమ్స్, ఆంటీ. ఎవ్రీ మార్నింగ్. సూర్య ఆంటీ మేక్స్ మీ." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫైవ్ ఇయర్స్ లా. అమ్మకి ఏమని చెప్పను?"

ప్రతి పొద్దునా, అంది. నేను జూన్‌లో ఒక్కసారి చూసి అక్టోబర్‌లో ప్రమాణం చేశాను. ఆ మాట గుచ్చుకుంది గానీ అప్పటికి దులిపేసుకున్నాను. ఆ ఆదివారం బుకిట్ బటోక్ వెళ్ళాను.

సూర్యకుమారి గారు పులిహోర కలుపుతున్నారు. సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కుని, మంచం కింది పెట్టెలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీశారు. పేజీ వెతుక్కోనక్కర్లేకుండానే తెరుచుకుంది.

"ఆ ఏడు పూజ మర్నాడు పలక గీత పక్కకుందమ్మా. ముందురోజు నేను వెళ్ళేటప్పుడు పైకే ఉంది. రింగు మీద కుంకుమ మరక కూడా ఉంది. పెద్దాయన గోహ్ గారూ నువ్వూ ఏదో అనుకుని కావాలనే మార్చారనుకున్నాను."

నేను కుంకుమ పొట్లం సంగతి, తుడిచిన సంగతి చెప్పాను.  పదమూడేళ్ళుగా నేను సభల్లో నిలబడి కొత్త సంగతి అని చెప్పుకున్నది నా కంగారులో పావుచుట్టు తిరిగిన ఒక బిళ్ళ.

ఆవిడ నోటుబుక్కు మూసి పక్కన పెట్టారు. తర్వాత, "పెద్దాయన లేరు, ఆయన పేరు చెడకూడదు. నువ్వా ఉద్యోగంలో ఉన్నావు. ఆ పిల్ల గట్టెక్కాలి. తుడిచేటప్పుడు నేనే తప్పు బిగించానని లియాంగ్‌కి చెప్తాను. నాకేం, రేపో మాపో రిటైరయ్యేదాన్ని. టెక్నీషియన్ తప్పంటే ఎవరూ ఆశ్చర్యపోరు" అన్నారు.

నేను వద్దనలేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నాను. వద్దనలేదు. పులిహోర తిన్నాను, బాగుందన్నాను. బుకిట్ బటోక్ నుంచి సెంగ్‌కాంగ్ దాకా రెండు ట్రైన్లు మారేసరికి, అదే అందరికీ మంచిదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను కూడా.

మంగళవారం పొద్దున డాక్టర్ లియాంగ్ గదిలో నలుగురం కూర్చున్నాం. సూర్యకుమారి గారు పండక్కి కట్టుకునే చీర కట్టుకొచ్చారు. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, ముందే అనుకున్న ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పారు. "ఐ ఓన్లీ, డాక్టర్. క్లీనింగ్ టైమ్ ఐ ఫిక్స్ రాంగ్. మై మిస్టేక్."

డాక్టర్ లియాంగ్ చెడ్డ మనిషి కాదు. కోప్పడలేదు, తల పంకించి రాసుకున్నారు. టెక్నీషియన్ పొరపాటు, పాత పేపర్‌కు సవరణ వేద్దాం, దీక్షిత అధ్యాయం ఉంటుంది, అన్నారు. దీక్షిత ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. అంత సులువుగా అయిపోయింది. సూర్యకుమారి గారు చెప్పినట్టే, ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అప్పుడు డాక్టర్ లియాంగ్ నోటుబుక్కు వైపు చూపించి, ఆరోజు రాసింది అందులో ఉందా, సవరణకు ఆధారంగా జతపరచాలి, ఎవరైనా చదివి ఇంగ్లీషులో చెప్పండి, అన్నారు. దీక్షిత వైపు చూశారు.

"కెనాట్ రీడ్ తెలుగు, డాక్టర్. ఓన్లీ కెన్ అండర్‌స్టాండ్ స్కోల్డింగ్."

అందరూ నా వైపు చూశారు. ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళం ఇద్దరమే. సూర్యకుమారి గారు పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. పై వాక్యం కనబడేలా, కింద వాక్యాల మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు. "పైది చాలమ్మా" అన్నారు మెల్లగా.

పైది ఒక్కటే చదివితే చాలు. ఎవరు చేశారన్నది అందులో లేదు. నేను ఏం చెబితే అదే ఆ సవరణలోకి పోతుంది. ఆవిడ చేతి వంక చూశాను. లక్షల హెడ్లు అతికించిన వేళ్ళు. ఆ చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాను. ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులో చెప్పాను.

"అక్టోబరు 24, బుధవారం. వచ్చేసరికి పలక గీత పక్కకి ఉంది. నిన్న పైకే ఉంది, చూసే వెళ్ళాను. రింగు మీద కుంకుమ. నిఖిల తీసి పెట్టినట్టుంది. సరిచేయబోయి ఆగాను. కావాలని మార్చుకుందేమో."

అంతవరకు నాకు తెలిసిందే. కింద ఇంకొకటి ఉంది. అది ఆదివారం ఆవిడ నాకు చూపించలేదు.

"29, సోమవారం. రిజల్టు తిరగబడి వచ్చిందని అందరూ సంతోషంగా ఉన్నారు. గీత వల్లేమో అని నిఖిలని అడిగాను. ఆంటీ, ఇది మీకు అర్థం కాదు, మీరు అద్దాలు చూసుకోండి అంది. నిజమే, నాకంత చదువు లేదు. మళ్ళీ అడగకూడదు అనుకున్నాను."

ఇదీ ఇంగ్లీషులో చెప్పాను. నాకది గుర్తు కూడా లేదు. ఎంత ప్రయత్నించినా ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆవిడ పదమూడేళ్ళు మోసిన మాట, నేను పదమూడు నిమిషాలు కూడా మోయలేదన్నమాట.

డాక్టర్ లియాంగ్ కలం కింద పెట్టారు. "ఎవరు బిగించారు?" అన్నారు.

"నేను" అన్నాను. "ఆవిడ కాదు. ఆవిడ ఆ వారంలోనే తప్పు పట్టుకున్నారు. నేనే వినలేదు."

సవరణ నా పేరు మీదే వెళ్ళింది. జరిగింది జరిగినట్టే రాశాం, కుంకుమతో సహా. మా కంపెనీలో రెండు మీటింగులు జరిగాయి, నా కింది ఏడుగురిలో నలుగురిని వేరొకరికి ఇచ్చారు. బాధగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. దీక్షిత అధ్యాయం ఒప్పుకున్నారు.

ఆ మంగళవారం గదిలోంచి బయటికొచ్చాక సూర్యకుమారి గారు బస్‌స్టాప్ దాకా నాకంటే పదడుగులు ముందే నడిచారు. బెంచీ మీద కూర్చున్నాక విరుచుకుపడ్డారు.

"చెయ్యి అడ్డం పెట్టానా లేదా? కళ్ళు దొబ్బాయా నీకు? కట్టుకున్నదంతా నీ చేత్తో నువ్వే కూల్చుకున్నావు కదే!"

"ఆంటీ, అప్పుడు గట్ల అన్నందుకు..." అన్నాను.  ఆవిడ ముందు ఎన్నోసార్లు ఏడ్చాను, ఎప్పుడూ నాకోసమే. మొదటిసారి ఆవిడకోసం ఏడ్చాను.

 ఆవిడ చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని, సర్దుకుని కూర్చున్నారు.

"సరేలే. ఇప్పుడడుగుతున్నాను, చెప్పు. గీత పక్కకుంటే మెలి ఎందుకు తిరగబడుద్ది? నాకు అర్థమయ్యేదాకా చెప్పాలి."

మొదటినుంచీ మొదలుపెట్టాను. వెలుగు అంటే ఏమిటో, పలకలో అది రెండు దారులుగా ఎందుకు చీలుతుందో, ఒకటి ఎందుకు వెనకబడుతుందో, వేలితో గాల్లో గీసి చూపిస్తూ చెప్పాను. ఆవిడ ఎక్కాల్సిన బస్సులు మూడు వెళ్ళిపోయాయి. చెబుతున్నంతసేపూ ఆవిడ నన్ను రెండుచోట్ల ఆపి, తప్పు చెబుతున్నావని సరిదిద్దారు. రెండుసార్లూ ఆవిడదే రైటు.